లేత్ మీద కొబ్బరినూనె

ముందు చిన్న క్విజ్. మొదటి ప్రపంచయుద్ధంలో గాల్లోకి లేచిన విమానాల్లో చాలావాటి ఇంజన్లలో పోసిన నూనె ఏది? పెట్రోలియంలోంచి తీసినదేదో అని చెప్పారంటే తప్పులో కాలేసినట్టే. ఆముదం! నాయనమ్మలు మన నెత్తిన అరచేత్తో కొట్టి అంటించిన ఆముదమే.

అప్పట్లో ఫ్రాన్స్‌లో 'నోమ్' అనే కంపెనీ రోటరీ ఇంజన్లు చేసేది. ప్రొపెల్లర్‌తోపాటు ఇంజన్ మొత్తం గిర్రున తిరిగేది. పెట్రోల్, గాలి కలిసిన మిశ్రమం ఇంజన్ పొట్టలోంచే వెళ్లేది కాబట్టి, పెట్రోల్లో కరిగిపోని నూనె కావాల్సి వచ్చింది. మినరల్ ఆయిల్ ఇట్టే కరుగుతుంది. ఆముదం అంత తేలిగ్గా కరగదు. వాడిన ఆముదం మళ్లీ ట్యాంకులోకి వచ్చే ఏర్పాటు లేదు, పొగతో కలిసి బయటికి చిమ్మేది. గంటల తరబడి ఆ పొగ పీల్చిన పైలట్ల కడుపు సంగతి మీరే ఊహించుకోండి. బైక్ ఉన్నవాళ్లందరికీ తెలిసిన 'క్యాస్ట్రాల్' అనే పేరు కూడా క్యాస్టర్ ఆయిల్ నుంచి పుట్టిందే.

నోమ్ తర్వాత 'నోమ్-రోన్' అయింది. 1945లో ఫ్రెంచి ప్రభుత్వం దాన్ని జాతీయం చేసి 'స్నెక్మా' చేసింది. స్నెక్మా 2005లో 'సాఫ్రాన్'లో కలిసింది. ఆ సాఫ్రాన్ 2022 జూలైలో మన శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ పక్కన, జీఎంఆర్ ఏరోస్పేస్ పార్కులో ఫ్యాక్టరీ తెరిచింది. లీప్ ఇంజన్‌లో తిరిగే భాగాలు చేయడం దాని పని. ఆముదం తాగి ఎగిరిన ఇంజన్ల వంశం, తిరిగి తిరిగి ఆముదం పండే పాలమూరు దారిలోకే వచ్చి చేరిందన్నమాట.

అయితే ఈ వారం నేను చెప్పబోయేది ఇంజన్ లోపల పోసే నూనె గురించి కాదు. ఇంజన్ భాగాన్నైనా, మామూలు బోల్టునైనా మిషన్ మీద కోసేటప్పుడు పోసే నూనె గురించి. ఐటీఐ, డిప్లొమా, బీటెక్ మెకానికల్ చదివి శంషాబాద్, ఆదిభట్ల వైపు ఉద్యోగాలకి చూస్తున్న వాళ్లు ఇది చదివేవాళ్లలో తప్పకుండా ఉంటారు. రేపు షిఫ్టుకి ఎనిమిది గంటలు మీ చేతులు తడిసేది అందులోనే. అది ఏమిటో, దానికి బదులు కొబ్బరినూనో ఆముదమో వాడొచ్చో లేదో తెలిసి ఉండటం మంచిది.

ఆ తెల్లటి నీళ్లు ఏంటి?

సీఎన్‌సీ మిషన్ అద్దంలోంచి చూస్తే పాలలాంటి ద్రవం ధారగా పడుతూ కనిపిస్తుంది. షాపుల్లో దాన్ని కూలెంట్ అంటారు. నూటికి 95 పాళ్లు నీళ్లు, ఓ 5 పాళ్లు నూనె, రెండూ విడిపోకుండా పట్టి ఉంచే ఎమల్సిఫయర్, తుప్పు పట్టకుండా, క్రిములు పెరగకుండా మరికొన్ని రసాయనాలు. స్థూలంగా అదీ వంటకం.

ఎందుకు పోస్తారంటే, టూల్ అంచు లోహాన్ని చీల్చేచోట వందల డిగ్రీల వేడి పుడుతుంది. వేడికి టూల్ మెత్తబడి అరుగుతుంది. అరిగిన టూల్‌తో కోస్తే పార్టు కొలత తప్పుతుంది. అమెరికా ఇంజనీరు ఫ్రెడరిక్ టేలర్ 1907లో అచ్చయిన తన పరిశోధనలో, కోత దగ్గర నీళ్లు ధారగా పోస్తే వేగం 30 నుంచి 40 శాతం పెంచొచ్చని చూపించాడు. నీళ్లు వేడిని లాగేస్తాయి, కానీ జారుడు ఇవ్వవు, పైగా తుప్పు. నూనె జారుడు ఇస్తుంది, కానీ నీళ్లంత వేడి లాగదు. రెండింటినీ కలిపితే వచ్చిందే ఈ పాలు.

ఇందులోని నూనె సాధారణంగా మినరల్ ఆయిల్, అంటే పెట్రోలియం నుంచి వచ్చినది. తెలుగులో 'కందెన' అని చక్కటి మాట ఉంది. ఎడ్లబండి ఇరుసుకి పెట్టేది కందెన. మన ఊళ్లలో ఆ కందెన ఆముదమే. పెట్రోలియం చవగ్గా దొరకడం మొదలయ్యాక బండి ఇరుసు నుంచి లేత్ దాకా అంతా మారిపోయింది.

చేతులు చెప్పే సంగతి

శంషాబాద్ దగ్గర ఒక చిన్న వర్క్‌షాప్‌కి వెళ్లాను. పేరు అక్కర్లేదు, అలాంటివి చాలానే ఉన్నాయి. ఆరు మిషన్లు, పన్నెండు మంది. ఒక కుర్రాడు, ఇరవై రెండేళ్లుంటాయేమో, అడగకుండానే చేతులు చూపించాడు. వేళ్ల సందుల్లో చర్మం ఎర్రగా పగిలి ఉంది. మోచేతుల దాకా చిన్న చిన్న పొక్కులు.

"సబ్బుతోని మూడుసార్లు కడిగినా వాసన పోతలేదన్నా. ఇంటికి పోతే అన్నం చెంచతోని తింటున్న. మా అమ్మ పరేషాన్ అయితది" అన్నాడు.

సోమవారం పొద్దున వాసన ఇంకా ఘోరంగా ఉంటుందట. దానికి కారణం ఉంది. ఆదివారం మిషన్ ఆగిపోతే ట్యాంకులో కూలెంట్ కదలదు. పైన తేలిన నూనె గాలిని ఆపేస్తుంది. గాలి అక్కర్లేని బ్యాక్టీరియా లోపల పండగ చేసుకుంటుంది. కుళ్లిన గుడ్డు వాసన వాటి పుణ్యమే.

చర్మం పగలడం ఒక్కటే కాదు. వేగంగా తిరిగే పనిముట్టు మీద పడిన ద్రవం తుంపరై, పొగమంచులా గాల్లో తేలుతుంది. అదంతా ఊపిరితిత్తుల్లోకే. అమెరికాలో ఉద్యోగ భద్రత మీద పరిశోధన చేసే 'నియోష్' సంస్థ 1998లోనే, ఘనమీటరు గాలిలో ఈ తుంపర 0.5 మిల్లీగ్రాములు దాటకూడదని సిఫారసు చేసింది. శుద్ధి చేయని, అరకొరగా శుద్ధి చేసిన మినరల్ ఆయిల్స్‌ని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం మనుషుల్లో క్యాన్సర్ తెచ్చేవాటి మొదటి జాబితాలో పెట్టింది. బాగా శుద్ధి చేసిన నూనెలు ఆ జాబితాలో లేవు. మంచి కంపెనీల కూలెంట్‌లో వాడేది అలాంటివే. అందుకే డబ్బా మీద ఏం రాసి ఉందో చూడమంటాను. విడి డ్రమ్ముల్లో, లేబుల్ లేకుండా వచ్చే చవక నూనెతోనే అసలు భయం.

ఇక వాడేసిన కూలెంట్ ఎక్కడికి పోతుంది? శంషాబాద్‌లో ఈ ప్రశ్నకి బరువు ఎక్కువ. పక్కనే ఈసీ నది మీద 1927లో కట్టిన హిమాయత్ సాగర్ ఉంది. దాన్ని, ఉస్మాన్ సాగర్‌ని కాపాడటానికే 1996లో జీవో 111 వచ్చింది. 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలు పెట్టకూడదంది. శంషాబాద్ మండలం ఊళ్లు అందులో ఉన్నాయి. 2022లో ప్రభుత్వం ఆ ఆంక్షల్ని ఎత్తేసింది కానీ, చెరువుల నీటి నాణ్యత దెబ్బతినకూడదన్న షరతు మిగిలే ఉంది. చట్టం ప్రకారం వాడేసిన నూనె ప్రమాదకర వ్యర్థం. లైసెన్సు ఉన్నవాళ్లకే ఇవ్వాలి. రాత్రిపూట నాలాలోకి వదిలితే అది వాన నీటితో కలిసి ఎటు పోతుందో వేరే చెప్పాలా?

కొబ్బరినూనె ఏం చేస్తుంది?

చెట్టు నూనెలు, గింజ నూనెలు ఏవైనా సరే, అణువుల స్థాయిలో ఒకే కుదురు. గ్లిసరాల్ అనే చిన్న ముక్కకి మూడు పొడవాటి కొవ్వు ఆమ్లాల తోకలు. ఈ అణువుకి ఒక కొన లోహాన్ని పట్టుకునే గుణం ఉంటుంది. తోకలు బయటికి నిలబడతాయి. గడ్డి పరిచినట్టు లోహం మీద పలుచటి పొర ఏర్పడుతుంది. టూల్‌కీ లోహానికీ మధ్య ఆ పొర పరుపులా పనిచేస్తుంది. మినరల్ ఆయిల్‌కి ఈ పట్టు సహజంగా ఉండదు. అందుకే దానికి గంధకం, భాస్వరం, క్లోరిన్ కలిపిన మందులు జత చేస్తారు.

ఇదంతా పుస్తకం మాట. మిషన్ మీద నిజంగా పెట్టి చూశారా? చూశారు, మనవాళ్లే.

2009లో వెల్లూరు విఐటీ పరిశోధకులు స్టెయిన్‌లెస్ స్టీల్‌ని (304 గ్రేడ్, మన ఇంట్లో గిన్నెల రకం) లేత్ మీద కోస్తూ కొబ్బరినూనెని, నీళ్లలో కలిపే నూనెని, మామూలు కటింగ్ ఆయిల్‌ని పోల్చారు. టూల్ అరుగుదలలోనూ, పార్టు నునుపులోనూ కొబ్బరినూనె గెలిచింది. 2010లో పి. వంశీకృష్ణ, ఆర్.ఆర్. శ్రీకాంత్, డి. నాగేశ్వరరావుల విశాఖ బృందం కొబ్బరినూనెలో అతి సూక్ష్మమైన బోరిక్ యాసిడ్ రేణువులు కలిపి ఉక్కు మీద పరీక్షించింది. బోరిక్ యాసిడ్ అంటే కంగారు పడకండి, క్యారమ్ బోర్డు మీద చల్లే పౌడర్ అదే. బోర్డు మీద స్ట్రైకర్ జారినట్టే, టూల్ మీద చిప్ జారుతుందని ఆలోచన. ఇంజన్ ఆయిల్‌లో కలిపిన దానికంటే కొబ్బరినూనెలో అర శాతం కలిపినది మెరుగ్గా పనిచేసింది.

2016లో వరంగల్ నిట్, హైదరాబాద్ జేఎన్‌టీయూ ఆచార్యులు ఉన్న బృందం కొబ్బరి, నువ్వు, కనోలా నూనెల్లో మాలిబ్డినం డైసల్ఫైడ్ నానో రేణువులు కలిపి చూసింది. మూడింట్లో మళ్లీ కొబ్బరే ముందు. టూల్ అరుగుదల 44 శాతం, గరుకుదనం 39 శాతం తగ్గాయి. ఇక్కడ ఒక్క మాట: ఈ తగ్గుదల అసలేమీ పోయకుండా పొడిగా కోసినదానితో పోల్చి చెప్పింది. పాల కూలెంట్‌తో పోల్చి కాదు. ఇంటర్వ్యూలో ఈ అంకె చెప్పేటప్పుడు రెండో సగం మింగేయకండి.

అయితే వంటింటి సీసా తెచ్చి పోసేద్దామా?

వద్దు. చిక్కులు ఉన్నాయి, ఒక్కొక్కటే చూద్దాం.

మొదటిది, చెడిపోవడం. ఆ పొడవాటి తోకల్లో కొన్నిచోట్ల డబుల్ బాండ్లు ఉంటాయి. ఆక్సిజన్ అక్కడే దాడి చేస్తుంది. వేడి తోడైతే ఇంకా తొందరగా. పాత పల్లీనూనె కనరు వాసన కొట్టేది, బజ్జీల మూకుడు అంచున జిగురుగా పేరుకునేది ఇందుకే. మిషన్ స్లైడ్‌వేల మీద, వాల్వుల్లో ఆ జిగురు పేరుకుంటే మెయింటెనెన్స్ వాళ్లు మిమ్మల్ని వదలరు. అవిసెనూనె అయితే మరీ. అది ఆరి గట్టిపడుతుంది కాబట్టే పెయింట్లలో వాడతారు.

కొబ్బరినూనెలో దాదాపు 90 శాతం డబుల్ బాండ్లు లేని కొవ్వే. అందుకే త్వరగా చెడదు, పరీక్షల్లో ముందుండటానికి అదీ ఒక కారణం. కానీ దాని బలహీనత మీ అందరికీ తెలుసు. డిసెంబర్లో సీసా ఎండలో పెడతాం కదా? 25 డిగ్రీల కింద గడ్డకట్టే నూనెని, సన్న పైపులోంచి పంపే యంత్రంలో హైదరాబాద్ చలికాలం రాత్రి షిఫ్టుకి పోయలేం.

ఆముదం గడ్డకట్టదు, లోహాన్ని బాగా పట్టుకుంటుంది. కానీ మరీ చిక్కన. దాన్ని రసాయనికంగా మార్చి పలుచన చేయాలి. నీళ్లలో కలిసేలా కూడా చేయొచ్చు. ఆముదానికి సల్ఫ్యూరిక్ యాసిడ్ కలిపి చేసే 'టర్కీ రెడ్ ఆయిల్' పాతకాలం నుంచి బట్టల అద్దకంలో ఉన్నదే.

రెండోది, తిండి. మన దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా దిగుమతే. తినే నూనెని మిషన్‌కి పోస్తామంటే ఎవరైనా అడుగుతారు. ఆ లెక్కన ఆముదం, కానుగ, వేప లాంటి తినని నూనెలే సరైన దారి. ఆముదం పండించడంలో ప్రపంచంలో మనమే మొదటి స్థానం, సింహభాగం గుజరాత్‌ది. మన పాలమూరు ఎర్ర చెలకల్లోనూ అది పాత పంటే. ఆరాంఘర్ దాటి శంషాబాద్ వచ్చే దారిలోనే, రాజేంద్రనగర్‌లో భారత నూనెగింజల పరిశోధన సంస్థ ఉంది. ఆముదం మీద దేశస్థాయి పని అక్కడే జరుగుతుంది. తార్నాకలోని ఐఐసీటీలో నూనెల రసాయనం మీద ప్రత్యేక విభాగమే ఉంది. విత్తనం ఒకచోట, రసాయనం ఒకచోట, మిషన్లు ఒకచోట, అన్నీ ఓ నలభై కిలోమీటర్ల లోపే. ఇంత దగ్గరగా ఉండటం అరుదు.

మూడోది, బ్యాక్టీరియా. మనం తినగలిగేది అవీ తినగలవు. గింజ నూనెతో చేసిన పాల కూలెంట్‌ని పట్టించుకోకపోతే ఇంకా తొందరగా కుళ్లుతుంది. 'సహజం' అన్న మాట ట్యాంకుని శుభ్రం చేయదు.

చుక్కల లెక్క

అందుకే చెట్టు నూనెలకి అసలు సరిపోయే పద్ధతి వేరే ఉంది. ఎంక్యూఎల్ అంటారు. అంటే అతి తక్కువ నూనె. ధారగా పోయడం మానేసి, గాలితో కలిపి సన్నటి తుంపరగా సరిగ్గా కోత జరిగేచోటే కొడతారు. మామూలుగా నిమిషానికి లీటర్ల కొద్దీ తిరిగే కూలెంట్ ఎక్కడ, గంటకి ఓ 50 మిల్లీలీటర్లు, అంటే నాలుగు చెంచాల లోపు ఎక్కడ? ఆ నాలుగు చెంచాలూ అక్కడే ఖర్చయిపోతాయి. ట్యాంకు లేదు, సోమవారం వాసన లేదు, డ్రమ్ముల్లో పారబోయాల్సిన తెల్ల నీళ్లు లేవు. చిప్స్ దాదాపు పొడిగా వస్తాయి. మినరల్ ఆయిల్ కంటే గింజ నూనెలకి మంట అంటుకునే ఉష్ణోగ్రత సాధారణంగా ఎక్కువ, కాబట్టి పొగ కూడా తక్కువే.

ఇది చెప్తే ఆ వర్క్‌షాప్ ఓనర్ ఒక్కటే అడిగాడు: "లీటర్ ఎంత పడ్తది సార్?"

న్యాయమైన ప్రశ్నే. లెక్క కోసం కొన్ని అంకెలు అనుకుందాం. నూనె లీటరు ₹600 అనుకోండి. గంటకి 50 మిల్లీలీటర్లు, ఎనిమిది గంటలకి 400. షిఫ్టుకి ₹240. మామూలు కూలెంట్ 200 లీటర్ల ట్యాంకుకి 10 లీటర్ల నూనె, లీటరు ₹250 చొప్పున ₹2,500, అది రెండు మూడు నెలలు వస్తుంది. డబ్బా ధర మాత్రమే చూస్తే చెట్టు నూనె చిత్తుగా ఓడిపోతుంది.

కానీ ఆ ₹2,500తో కథ అయిపోదు. ఆవిరైనదానికి రోజూ కలిపే నూనె, పంపు కరెంటు, పార్టులు కడిగే ఖర్చు, వ్యర్థం తీసుకెళ్లేవాళ్లకి ఇచ్చేది, తడి చిప్స్‌కి తగ్గే రేటు, చర్మవ్యాధితో సెలవు పెట్టిన మనిషి. 1990ల్లో జర్మనీ కార్ల పరిశ్రమ ఇలా మొత్తం కూడితే, తయారీ ఖర్చులో 7 నుంచి 17 శాతం కూలెంట్‌కే పోతోందని తేలింది. టూల్స్ ఖర్చు 2 నుంచి 4 శాతమే. ఇటువైపూ ఖర్చుంది: ఎంక్యూఎల్ కిట్, కంప్రెసర్ గాలి, తుంపరని లాగే ఎగ్జాస్ట్. తుంపర ఏ నూనెదైనా పీల్చేది కాదు. కాబట్టి లీటరు ధర కాదు, ఒక్కో పార్టు మీద ఎంత పడిందో చూడాలి. నేను ఓనర్‌కి చెప్పింది అదే.

ఎక్కడ వద్దు?

టైటానియం, ఇంజన్ల వేడి భాగాల్లో వాడే నికెల్ మిశ్రలోహాలు వేడిని తమలోంచి పోనివ్వవు. వేడంతా టూల్ ముక్కు మీదే కూర్చుంటుంది. అక్కడ నాలుగు చెంచాల నూనె ఒక్కటే చాలదు, ప్రెషర్‌తో కొట్టే కూలెంట్ కావాలి. పైగా విమాన భాగాల పనిలో కూలెంట్ మార్చడం ఓనర్ చేతిలో ఉండదు, కస్టమర్ ఒప్పుకున్న జాబితాలో ఉన్నదే వాడాలి. అల్యూమినియం, మామూలు ఉక్కు, ఇత్తడి, ట్యాపింగ్, డ్రిల్లింగ్ లాంటి పనులకి మాత్రం చెట్టు నూనె దర్జాగా సరిపోతుంది. చిన్న షాపుల్లో ఎక్కువ పని ఇదే కదా!

ఇంకో జాగ్రత్త. 'ఆముదమేగా, మట్టిలో కలిసిపోతుంది' అని వాడేసినదాన్ని బయట పోయకండి. కొత్త నూనె కలుస్తుంది నిజమే. వాడిన నూనెలో క్రోమియం, నికెల్, టూల్‌లోంచి రాలిన కోబాల్ట్ పొడి ఉంటాయి. హిమాయత్ సాగర్‌కి ఆ తేడా బాగా తెలుసు.

ఫైనలియర్ ప్రాజెక్టు కోసం తలలు పట్టుకున్నవాళ్లకి నా సలహా ఇది. ఇంకో నానో రేణువు వెతకొద్దు. దగ్గర్లోని ఒక చిన్న షాపులో ఒక్క మిషన్ అడగండి. ఒక్క పార్టు తీసుకోండి. నెల రోజులు పాత కూలెంట్, నెల రోజులు చెట్టు నూనె చుక్కలు. ఎన్ని పార్టులకి ఇన్సర్ట్ మార్చారు, ఎంత నూనె పోయింది, ఎంత వ్యర్థం మిగిలింది, ఎన్ని పార్టులు రిజెక్ట్ అయ్యాయి, రోజూ ఒక నోట్‌బుక్‌లో రాయండి. ఓనర్లు నమ్మేది అలాంటి నోట్‌బుక్‌నే. అందులో ఒక గడి ఆపరేటర్ చేతులకి కూడా గీయండి. వారానికోసారి ఫోన్‌తో ఫొటో తీస్తే చాలు.